పాఠాలతో నడిచిన ఇల్లు

(పారిస్ డైరీ, 2025)

సెప్టెంబర్ 9, మంగళవారం

ప్లాస్ ద క్లిషీ మెట్రోలో దిగి నడుచుకుంటూ వెళ్లాను. ర్యూ బల్యూ, 36వ నంబరు. చుట్టుపక్కల భవనాల్లాంటిదే ఇదీ. గోడ మీది ఫలకం చూడకపోతే దాటి వెళ్లిపోదును. సంగీత గురువు నాదియా బులాంజే తల్లితో, చెల్లెలితో 1904లో ఈ ఇంట్లోకి వచ్చింది. 1979లో పోయేదాకా ఇల్లు మారలేదు. హాల్లో రెండు పెద్ద పియానోలు, ఒక పైపు ఆర్గన్ ఉండేవట. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీతంలో పేరున్నవాళ్లు ఎందరో ఈ మెట్లెక్కి తప్పులు దిద్దించుకుని వెళ్లారు.

ఇంటి ముందున్న చిన్న కూడలికి చెల్లెలి పేరు పెట్టారు: ప్లాస్ లిలీ బులాంజే. ఎవరైనా అడిగి ఉంటే అక్క కూడా ఆ పేరే చెప్పి ఉండేది.

సెప్టెంబర్ 10, బుధవారం

ఇక్కడ బుధవారం మధ్యాహ్నం చిన్నపిల్లలకు బడి ఉండదు. ఈత, బొమ్మలు, పాట, అన్నీ ఆ పూటే. మనవరాలిని పేట కన్సర్వేటరీకి నేనే తీసుకెళ్లాను. పియానో ఒక్కటీ నేర్చుకుంటానంటే కుదరదు, సొల్ఫేజ్ తరగతికీ వెళ్లాల్సిందే. కాగితం మీది స్వరాన్ని చూసి పేరుతో పాడాలి, టీచరు వాయించింది విని రాయాలి, చేత్తో తాళం వేస్తూ లయ చదవాలి. తలుపు బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. ఎనిమిదేళ్ల పిల్లలు నాలుగు స్వరాల వాక్యాన్ని ఒకసారి విని రాసేస్తున్నారు.

వయొలిన్ చెబుతూ నా ఉద్యోగమంతా గడిచింది. వర్ణం తప్పు లేకుండా వాయించే పిల్లలు నా దగ్గర చాలామందే తయారయ్యారు. కొత్త పాట వినిపించి స్వరం రాయమంటే వాళ్లలో సగం మంది నా మొహం చూసేవాళ్లు.

నాదియా గ్రూపు క్లాసు కూడా బుధవారం మధ్యాహ్నమే.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ఆమె చిన్నతనం గురించి అందరూ చెప్పే కథ ఒకటి ఉంది. పసిపిల్లగా ఉన్నప్పుడు సంగీతమంటే ఆమెకు పడేది కాదు. పియానో మోగితే చాలు, ఏడ్చేది, దాక్కునేది. అయిదేళ్లప్పుడు ఒకరోజు వీధిలో అగ్నిమాపక బండి గంట మోగుతూ పోయింది. ఈ పిల్ల భయపడకుండా పియానో దగ్గరికి వెళ్లి ఆ స్వరాలు వెతకడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి పియానో వదల్లేదు.

కథ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ ముందరి ఏడుపే ఆసక్తిగా ఉంది. పుట్టింది సంగీతం ఇంట్లో. తండ్రి ఎర్నెస్ట్ స్వరకర్త, కన్సర్వేటరీలో గాత్రం చెప్పేవాడు. తల్లి రైస్సా రష్యా నుంచి వచ్చి ఆయన దగ్గర పాట నేర్చుకుని, ఆయన్నే పెళ్లాడింది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు గొంతు సాధన చేస్తూనే ఉండే ఇల్లు. ఆ ఇంట్లో పసిపిల్ల చెవులు మూసుకుందంటే చెవి లేదని కాదు, అతిగా ఉందని.

సెప్టెంబర్ 16, మంగళవారం

ఇవాళ ఆమె పుట్టినరోజు, 1887. తండ్రి పుట్టినరోజు కూడా ఇదే. కూతురు పుట్టిన రోజుకి ఆయనకు సరిగ్గా 72 నిండాయి. ఆరేళ్ల తర్వాత లిలీ పుట్టినప్పుడు ఆయన పెద్దదాన్ని దగ్గరికి పిలిచి, చెల్లెల్ని చూసుకుంటానని మాట తీసుకున్నాడట. తను ఎక్కువ కాలం ఉండనని ఆయనకు తెలుసు. 1900లో పోయాడు. లిలీకి రెండేళ్లప్పుడు వచ్చిన న్యుమోనియా ఆమె ఆరోగ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీసి పోయింది. తల్లికి ఉద్యోగం లేదు.

1904లో కన్సర్వేటరీలో ఆర్గన్, అకంపనిమెంట్, ఫ్యూగ్, మూడింటిలోనూ నాదియాకు మొదటి బహుమతులు. వయసు 16. జీవితచరిత్రలు ఆ ఏడాదిని బహుమతుల ఏడాదిగా రాస్తాయి. ఈ ఇంట్లోకి మారిందీ, ఇంట్లో పాఠాలు మొదలుపెట్టిందీ కూడా ఆ ఏడాదే. వాటిని పక్క వాక్యంలో చెప్పి దాటేస్తాయి. నాకు ఆ పక్క వాక్యం దగ్గరే కాలు ఆగింది. బహుమతి చేతికొచ్చిన వెంటనే ఆ పిల్ల చేసిన పని శిష్యుల్ని వెతుక్కోవడం. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, సంపాదించేది ఆమె.

సెప్టెంబర్ 17, బుధవారం

నిన్న రాసినదానికి ఒక చిన్న చేర్పు. 1906లో మారియన్ బావర్ అనే అమెరికన్ అమ్మాయి పారిస్ వచ్చింది. నాదియాకు ఇంగ్లిష్ చెప్పి, బదులుగా ఆమె దగ్గర హార్మనీ నేర్చుకుంది. అమెరికా నుంచి వచ్చిన మొదటి శిష్యురాలు ఆమే. తర్వాత అమెరికన్లు గుంపులుగా రావడం మొదలయ్యాక నాదియాకు అక్కరకొచ్చిన ఇంగ్లిష్‌లో కొంత అలా పాఠానికి పాఠం ఇచ్చి సంపాదించుకున్నదే.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ప్రీ ద రోమ్. అప్పట్లో ఫ్రాన్స్‌లో స్వరకర్త కావాలనుకునే ప్రతివాడి కలా అదే. మొదటి బహుమతి వస్తే రోమ్‌లోని విల్లా మెడిచిలో ప్రభుత్వ ఖర్చుతో కొన్నేళ్లు ఉండి రాసుకునే వీలుండేది. కూటికోసం పాఠాలు చెప్పక్కర్లేకపోయేది. తండ్రికి 1835లో వచ్చింది. ఆడవాళ్లను పోటీకి రానిచ్చింది 1903లో.

నాదియా 1908లో చేసిన పని మీద పత్రికలు కూడా రాశాయి. మొదటి వడపోతలో ఒక చిన్న స్వరవాక్యం ఇచ్చి దాని మీద ఫ్యూగ్ రాయమనేవారు. గొంతులకు రాయడం రివాజు. ఆ వాక్యం తీగ వాద్యాలకు నప్పుతుందనిపించి ఆమె స్ట్రింగ్ క్వార్టెట్‌కి రాసి ఇచ్చింది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన సాన్-సాన్స్‌కి కోపం వచ్చింది. నిబంధన తప్పిందనీ, పేరు కోసం వేసిన ఎత్తనీ ఆయన వాదన. వాదనలు నడిచాయి కానీ ఆమెను చివరి పోటీకి పంపక తప్పలేదు. 'ల సిరెన్' అనే కాంటాటాకి రెండో బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడు మళ్లీ కూర్చుంది. ఏమీ రాలేదు.

రెండో బహుమతికి రోమ్ లేదు. పాఠాలు కొనసాగాయి.

పిల్లల్ని పోటీలకు తయారుచేసి పంపిన దాన్ని నేను. స్వరవాక్యాన్ని చూసి ఇది గొంతుది కాదు, తీగది అని గుర్తుపట్టే చెవి పరీక్ష గదిలో శిక్షకు పాత్రమవడం చూస్తే నవ్వు రాదు, ఆశ్చర్యమూ వేయదు. ఆమె తర్వాత శిష్యుల కాగితాల్లో జీవితాంతం చేసింది ఆ పనే. ఈ వాక్యం ఎటు పోవాలనుకుంటోందో అటు పోనివ్వు.

సెప్టెంబర్ 22, సోమవారం

1913లో లిలీకి మొదటి బహుమతి వచ్చింది. సంగీతంలో ఆ బహుమతి గెలిచిన మొదటి స్త్రీ. వయసు 19. పాట పేరు 'ఫౌస్ట్ ఎ ఎలెన్'. తనకు దక్కనిది తను పాఠం చెప్పిన చెల్లెలికి దక్కింది.

ఇక్కడ అసూయ ఉందా లేదా అని రాసినవాళ్లు పేజీలు నింపారు. అక్కాచెల్లెళ్లు ఉన్న ఏ ఇంట్లోనైనా అడగండి. అసూయా ప్రేమా రెండూ ఉంటాయి, ఒకే గదిలో, ఒకే రోజున.

సెప్టెంబర్ 25, గురువారం

రౌల్ ప్యూన్యో గురించి చదువుతున్నాను. పేరుమోసిన పియానో విద్వాంసుడు, ఆమె కంటే ముప్ఫై అయిదేళ్లు పెద్ద. ఇద్దరూ కలిసి 'లెజూర్ క్లేర్' అనే పాటల సంపుటి రాశారు. తర్వాత దనుంజియో నాటకం మీద 'లా వీల్ మోర్త్' అనే ఆపెరా. పారిస్‌లో ఒపెరా కొమీక్ వేయడానికి ఒప్పుకుంది. 1914 జనవరి 3న, ఇద్దరూ కచేరీల కోసం రష్యా వెళ్లినప్పుడు, ప్యూన్యో మాస్కోలో చనిపోయాడు. పరాయి దేశంలో, చలికాలంలో, ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఆగస్టుకల్లా యుద్ధం. ఆపెరా పెట్టెలోకి వెళ్లింది.

వందేళ్లు దాటాక ఇప్పుడు మళ్లీ వెలికి తీశారు. 2024లో ఏథెన్స్‌లో, న్యూయార్క్‌లో రంగస్థలం మీదికి వచ్చింది.

సెప్టెంబర్ 29, సోమవారం

మూలా నక్షత్రం. ఇంట్లో సరస్వతీ పూజ చేశాం. బెజవాడలో ఇవాళ కొండ కింద జనం ఎలా ఉంటారో ఊహించుకోగలను. మనవరాలు తన సొల్ఫేజ్ పుస్తకం అమ్మవారి ముందు పెట్టి, "అమ్మమ్మా, రేపు దాకా తీయకూడదు కదా, అయితే హోంవర్క్ చేయక్కర్లేదు" అంది. పూజలో లాభం వెంటనే కనిపెట్టేసింది.

రాత్రి లిలీ చివరి రోజుల గురించి చదివాను. మంచం మీద నుంచి లేవలేక 'పియే జేసూ' స్వరాలు ఒక్కొక్కటే చెప్తుంటే నాదియా రాసుకుంది. 1918 మార్చి 15న లిలీ పోయింది. ఇరవై నాలుగేళ్లు. పది రోజుల తర్వాత పారిస్‌లో స్వరకర్త దెబుస్సీ పోయాడు. పారిస్ మీద జర్మన్ ఫిరంగి గుళ్లు పడుతున్న వసంతం అది.

ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లో నాదియా స్వరకల్పన ఆపేసింది. తన సంగీతం చెడ్డదేమీ కాదు కానీ పనికిరానిదని గురువు ఫోరేతో అంది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె మనసు మార్చుకోలేదు. బతికినంతకాలం చెల్లెలి పాటలే వేయించింది, ముద్రింపించింది, ఏటా మార్చిలో ఆమె పేర ప్రార్థన చేయించింది.

అక్టోబర్ 1, బుధవారం

క్లాసు ఎలా నడిచేదో ఆమె దగ్గర చదివినవాళ్లు చాలామంది రాశారు. కలిపి చూస్తే ఇలా ఉంటుంది.

ఎంత పేరున్న కాలేజీ పట్టా తెచ్చినా మొదటి మెట్టు నుంచే. సొల్ఫేజ్, హార్మనీ, కౌంటర్‌పాయింట్. అడుగు స్వరాల వరుస ఒకటి ఇస్తారు. దాని మీద మిగతా మూడు గొంతులూ నింపాలి, ముగ్గుకి చుక్కలు పెట్టి ఇచ్చినట్టు. గీతలు నీవి, కానీ ఏ చుక్కనీ వదలకూడదు. ఒక గొంతు పాడుతూ మిగతా మూడు పియానో మీద వాయించాలి. ఆ తర్వాత ఇంకో గొంతు. రెండు గొంతుల మధ్య దాగి ఉన్న సమాంతర పంచమాన్ని ఆమె చెవి పట్టుకునేది. చూపు దాదాపు పోయిన ముసలితనంలో కూడా తప్పు ఏ గొంతులో ఉందో చెప్పేది.

బుధవారం మధ్యాహ్నం అందరూ కలిసి బాఖ్ కాంటాటాలు కాగితం చూసి పాడేవాళ్లు. పేరున్నవాడూ కొత్తగా వచ్చినవాడూ ఒకే వరుసలో. తర్వాత టీ. ఆ టీకి ఒక్కోసారి స్ట్రావిన్‌స్కీ లాంటివాళ్లు కూడా వచ్చేవారు.

డబ్బున్నవాళ్ల దగ్గర ఫీజు గట్టిగా తీసుకునేది. లేనివాళ్లకు ఊరికే చెప్పేది. ఈ లెక్క నాకు బాగా నచ్చింది. మన దగ్గర ఊరికే చెప్పిన గురువులను పొగుడుతాం. ఫీజు తీసుకున్నవాళ్ల గురించి గొంతు తగ్గించి మాట్లాడతాం. ఆమె రెండూ చేసింది, దేన్నీ దాచుకోలేదు.

అక్టోబర్ 4, శనివారం

గార్ ద లియోన్ నుంచి రైల్లో ఫోంతెన్‌బ్లో. అల్లుడూ వచ్చాడు. రాజుల కోట, వెనక అడవి. 1921లో ఇక్కడ అమెరికన్ విద్యార్థులకు వేసవి సంగీత పాఠశాల మొదలైంది.

దీని పుట్టుక యుద్ధంలో ఉంది. అమెరికా సైన్యపు బ్యాండ్లు ఫ్రెంచి బ్యాండ్ల ముందు వెలవెలబోతున్నాయని జనరల్ పెర్షింగ్ బాధ. న్యూయార్క్ కండక్టర్ వాల్టర్ డామ్‌రాష్ చేత ఫ్రాన్స్‌లోనే బ్యాండ్ మాస్టర్లకు ఒక బడి పెట్టించాడు. యుద్ధం అయ్యాక ఆ ఆలోచనే ఈ కోటలోకి వచ్చింది.

మొదటి ఏడాది వచ్చినవాళ్లలో ఆరన్ కోప్లాండ్ అనే ఇరవై ఏళ్ల బ్రూక్లిన్ కుర్రాడు ఉన్నాడు. హార్మనీ అంతా అయిపోయిందని నాదియా క్లాసుకి వెళ్లలేదు. తోటి విద్యార్థి పోరితే ఒకరోజు వెళ్లాడు. ఆమె 'బోరిస్ గొదునోవ్' లోంచి ఒక ఘట్టాన్ని విప్పి చెబుతోంది. అంతే. స్వరకల్పన ఒక స్త్రీ దగ్గర నేర్చుకోవడం అతనికి తెలిసి అప్పటిదాకా ఎవరూ తలపెట్టని పని, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారో అని కొంచెం జంకాడు కూడా. మూడేళ్లు ఆమె దగ్గరే ఉన్నాడు.

1925 జనవరి 11న న్యూయార్క్‌లో అతని ఆర్గన్ సింఫనీ. ఆర్గన్ వాయించింది నాదియా, కండక్ట్ చేసింది డామ్‌రాష్. పాట అయ్యాక ఆయన సభవైపు తిరిగి, ఇరవై మూడేళ్లకే ఇలాంటిది రాసినవాడు అయిదేళ్లలో హత్య చేయగలడని చమత్కరించాడు. (కోప్లాండ్‌కి అప్పటికి 24.) జనం నవ్వారు. అమెరికా సంగీతానికి ఒక కొత్త గొంతు వచ్చిందని ఆ నవ్వుల్లో ఎంతమందికి తెలిసిందో.

అక్టోబర్ 7, మంగళవారం

మెట్రోలో ఒకాయన అకార్డియన్ మీద పియాజోల్లా వాయిస్తూ ఎక్కాడు. రెండు స్టేషన్ల తర్వాత టోపీ చాచాడు. ఇచ్చాను.

ఆస్టర్ పియాజోల్లా 1954లో ఫ్రెంచి స్కాలర్‌షిప్ మీద బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చాడు. ముప్ఫై మూడేళ్లు. చంకలో కిలోల కొద్దీ సింఫనీ కాగితాలు. నాదియా అన్నీ చూసింది. ఇక్కడ స్ట్రావిన్‌స్కీ ఉన్నాడు, ఇక్కడ బార్తోక్, ఇక్కడ రావెల్, పియాజోల్లా ఎక్కడ అని అడిగింది. బతకడానికి ఏం చేసేవాడివని ఆరా తీసింది. క్యాబరేల్లో బాండోనియన్ మీద టాంగో వాయించేవాణ్నని చెప్పడానికి అతనికి సిగ్గు. చివరికి పియానో మీద తన టాంగో ఒకటి వాయించాడు. అతని చేతులు పట్టుకుని, ఇదీ పియాజోల్లా, దీన్ని వదిలిపెట్టకు అంది.

ఈ కథలో అందరూ చివరి మాట ఎత్తి చెప్తారు. నాకు ముందరి ప్రశ్న ముఖ్యం. బతకడానికి ఏం చేసేవాడివి? ఆ ప్రశ్న ఆమెకే తోచాలి. ఇల్లు గడవడం కోసం చేసే పని సిగ్గుపడాల్సింది కాదనీ, అసలు మనిషి అందులోనే ఉండొచ్చనీ తెలిసినవాళ్లే అలా అడుగుతారు.

1928లో అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ వస్తే మాత్రం చేర్చుకోలేదు. ఉన్నది చెడిపోతుందని.

అక్టోబర్ 11, శనివారం

ఫిలిప్ గ్లాస్ 1964లో వచ్చాడు, జూలియార్డ్ పట్టా పట్టుకుని. ఆమె అతని కాగితాలన్నీ తిరగేసి, ఒకే ఒక్క బార్ మీద వేలు పెట్టి, ఇది నిజమైన స్వరకర్త రాసింది అందట. తర్వాత కౌంటర్‌పాయింట్ మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టించింది. ఇరవై ఏడేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా.

అదే సమయంలో పారిస్‌లో ఒక సినిమా సంగీతానికి రవిశంకర్ వచ్చారు. ఆయన సితార్ మీద వాయించేది ఫ్రెంచి వాద్యకారుల కోసం స్వరలిపిలో రాసే పని గ్లాస్‌కి దొరికింది. ఎక్కడ బార్ గీతలు పెట్టినా తబలా విద్వాంసుడు అల్లారఖాకు నచ్చడం లేదు, లేని చోట ఒత్తు పడుతోందని. చివరికి గ్లాస్ గీతలన్నీ చెరిపేశాడు. అప్పుడు కనిపించింది అతనికి: కాలాన్ని సమాన గడులుగా కోయక్కర్లేదు, రెండు మూడు మాత్రల ముక్కలు కలుపుతూ పోవచ్చు. మన పిల్లలు ఖండం, మిశ్రం అంటూ వేళ్ల మీద లెక్కపెట్టేది అదే.

ఒకరు భయంతో నేర్పారు, ఒకరు ప్రేమతో నేర్పారు అని తన ఇద్దరు గురువుల గురించి గ్లాస్ తర్వాత చెప్పుకున్నాడు. భయంతో చెప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. భయపెట్టి నేర్పడం మనకూ కొత్త కాదు. నేనేమీ గొప్ప శాంతమూర్తిని కాను.

అక్టోబర్ 13, సోమవారం

కాకినాడ నుంచి పాత శిష్యురాలి ఫోను. ఇప్పుడు తనే లెక్చరరు. "మేడమ్, మా కాలేజీ సావనీరుకి ఒక వ్యాసం ఇవ్వండి. పారిస్‌లో ఉన్నారుగా, నాదియా బులాంజే మీద. సృజనని త్యాగం చేసి శిష్యుల్ని తయారుచేసిన త్యాగమూర్తి అని." శీర్షిక కూడా తనే పెట్టేసింది. ఆలోచిస్తానన్నాను.

రాత్రంతా వేరే సంగతి మెదిలింది. మన దగ్గర శిష్యుడు కమాను వేయగానే గురువు ఎవరో తెలిసిపోవాలి. అది గొప్ప. ద్వారం వారి బాణీ అంటే ఆ పలుకు, ఆ కమాను నిడివి. నా పిల్లలు వాయిస్తుంటే ఎవరైనా నా పేరు చెప్తే నాకు పొంగు. నాదియా శిష్యుల్ని వరసగా పెట్టి వినండి. కోప్లాండ్, ఎలియట్ కార్టర్, పియాజోల్లా, గ్లాస్, మిషెల్ లెగ్రాన్, క్విన్సీ జోన్స్. ఒకరికీ ఒకరికీ పోలిక లేదు. వాళ్లలో ఎవరిలోనూ ఆమె వినిపించదు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' నిర్మాత ఆమె క్లాసులో కూర్చున్నవాడని వింటే ఎవరు పట్టుకోగలరు?

ఆమె చెప్పింది వ్యాకరణం, శైలి కాదు. బాణీ అందించడం మన పద్ధతి. అందులో ఒక సంగీతం తరాల పాటు చెడకుండా నిలుస్తుంది. ఆమె పద్ధతిలో నిలిచేది సంగీతం కాదు, వినడం. ఏది మెరుగంటే చెప్పలేను. కానీ నా దగ్గర చదివిన పిల్లల్లో సొంత గొంతు ఉన్నవాళ్లు నలుగురైదుగురు ఉండి ఉంటారు. వాళ్లకి నేను అడ్డం వచ్చానా అన్న ప్రశ్న ఇప్పుడు వస్తోంది.

అక్టోబర్ 15, బుధవారం

కండక్టరుగా ఆమె: 1937లో లండన్ రాయల్ ఫిల్హార్మోనిక్ సొసైటీ కచేరీని పూర్తిగా నడిపిన మొదటి స్త్రీ. 1938లో బోస్టన్ సింఫనీ, 1939లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్. స్ట్రావిన్‌స్కీ 'డంబార్టన్ ఓక్స్' మొదటిసారి వినిపించింది ఆమె చేతి కిందే, వాషింగ్టన్‌లో, 1938 మే 8న. అవే ఏళ్లు స్వరకర్త మాంటెవెర్డిని జనం చెవికి చేర్చాయి. 1937లో ఆమె చేసిన రికార్డులతో మూడు శతాబ్దాల నాటి ఆయన మాడ్రిగల్ పాటలు మళ్లీ బతికాయి.

ఆడదానిగా ఆర్కెస్ట్రా ముందు నిలబడటం ఎలా ఉందని అమెరికాలో విలేకరులు అడిగితే, ఆడదాన్నై యాభై ఏళ్లు దాటింది, మొదట్లో ఉన్న ఆశ్చర్యం ఇప్పుడు పోయింది అన్న అర్థంలో జవాబిచ్చింది.

అలా అని స్త్రీల పక్షపాతి అనుకుంటే పొరపాటు. వృత్తీ సంసారమూ రెండూ ఒకచోట ఇమడవని ఆమెకు గట్టి అభిప్రాయం. అయినా గ్రాజినా బాచెవిచ్, లూయీజ్ టాల్మా, థియా మస్‌గ్రేవ్, జూలియా పెర్రీ ఆమె గదిలోంచే వచ్చారు. అభిప్రాయం ఒక దారి, పని ఇంకో దారి. పనిదే పైచేయి అయింది.

అక్టోబర్ 18, శనివారం

త్యాగమూర్తి అన్న మాట వదలడం లేదు. పాటలే వింటే సరి అని కూర్చున్నాను.

చెల్లో, పియానోకి మూడు ముక్కలు, 1914 నాటివి. మొదటిదానిలో పియానో అలలా ఆగకుండా కదులుతుంటే చెల్లో మ్యూట్ పెట్టుకుని పైన పొడవాటి గీత గీస్తుంది. రెండోది చిన్నది, ఒకరు అన్నది ఇంకొకరు వెనకే అంటూ నడుస్తారు. జానపదంలా ఉంటుంది కానీ లోపల కట్టుదిట్టంగా కానన్. మూడోది విసురుగా, గుర్రుగా. వయొలిన్ చేత్తో వినే నాకు మొదటిదానిలో కమాను మార్పులు ఎక్కడ దాచాలో వేళ్లకు తెలుస్తోంది. ఇది పనికిరాని సంగీతం కాదు. పియానో, ఆర్కెస్ట్రాకి రాసిన 1912 నాటి ఫాంటసీ విన్నాక ఇంకా గట్టిగా అంటాను.

ఇతరుల కాగితాల మీద అంత సూటిగా వేలు పెట్టిన మనిషి తన కాగితం మీద తొందరపడి తీర్పు రాసుకుంది. పక్కన కొలబద్దగా లిలీ ఉంది, అదీ ఇరవై నాలుగేళ్ల దగ్గర ఆగిపోయిన లిలీ. చనిపోయినవాళ్లతో పోటీలో ఎవరు నెగ్గుతారు?

అక్టోబర్ 19, ఆదివారం

ఇంకొక సంగతి. సొంత దేశపు కన్సర్వేటరీ ఆమెకు చాలా ఏళ్లు సహాయకురాలి పనే ఇచ్చింది. ప్రొఫెసరు పదవి 1946లో దక్కింది, యుద్ధకాలంలో అమెరికాలో పాఠాలు చెప్పి తిరిగొచ్చాక. అదీ స్వరకల్పనకు కాదు, అకంపనిమెంట్‌కి. ప్రపంచమంతా స్వరకల్పన నేర్చుకోవడానికి ఆమె ఇంటికి వస్తోంది అప్పటికి.

అక్టోబర్ 22, బుధవారం

1979లో ఈ రోజు పోయింది. 92 ఏళ్లు. మోంమార్త్ శ్మశానంలో తల్లిదండ్రులతో, లిలీతో ఒకే సమాధి. వెళ్లలేదు, వాన. ఇంట్లో కూర్చుని బ్రూనో మోన్‌సాంజెన్ 1977లో తీసిన డాక్యుమెంటరీ చూశాను. తొంభై ఏళ్లావిడ చక్రాల కుర్చీలో, చుట్టూ కుర్రాళ్లు. కళ్లు కనిపించవు. ఎవరైనా తప్పు వాయిస్తే తల అటు తిరుగుతుంది.

మనవరాలు పక్కన కూర్చుని, "అమ్మమ్మా, ఈవిడ కోప్పడుతోందా?" అని అడిగింది. లేదు, వింటోంది అన్నాను. రెండూ ఒకేలా ఉన్నాయంది.

అక్టోబర్ 24, శుక్రవారం

కాకినాడ అమ్మాయికి మెయిల్ రాశాను. వ్యాసం ఇస్తాను, ఆ శీర్షిక మాత్రం వద్దు. కారణాలు ఏళ్ల వరసలోనే ఉన్నాయి.

మొదటి శిష్యులు 1904లో. ప్రీ ద రోమ్ రెండో బహుమతి 1908లో. ఆపెరా 1914లో ఆగింది. లిలీ 1918లో పోయింది. స్వరకల్పన ఆగింది ఆ తర్వాత. అంటే స్వరకల్పన మానుకుని ఓదార్పుగా పాఠాల్లోకి వచ్చిన మనిషి కాదు ఈమె. పాఠాలు ముందు. అవే అద్దె కట్టాయి, మందులు కొన్నాయి, చెల్లెలికి రాసుకునే తీరిక ఇచ్చాయి. పదహారేళ్లకు ఇంటి కోసం మొదలుపెట్టిన పనిని తొంభై రెండో ఏట కూడా మానలేదు. మధ్యలో కొన్నేళ్లు ఆ పని చేస్తూనే స్వరకర్తగా కూడా ఉంది, బాగానే ఉంది. ఆపడం ఆమె నిర్ణయం. ఆ నిర్ణయం తప్పని నేననుకుంటాను, ఫోరే కూడా అనుకున్నాడు. త్యాగం అంటే మాత్రం ఆమె జీవితంలో పాఠాలు రెండో స్థానంలో ఉన్నట్టు అర్థం వస్తుంది. ఎప్పుడూ లేవు.

ఇది మన వాళ్లకు ఎందుకు రాయాలంటే, మన ఊళ్లలో సాయంత్రం పూట ముందు గదిలో చాప వేసి పిల్లలకు సంగీతం చెప్పే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కచేరీలు చేయాల్సిన మనిషి, పాపం పాఠాలు చెప్పుకుంటోంది అని వాళ్ల గురించి జాలిపడటం మనకు అలవాటు. ఆ జాలి వ్యాసంలో రాకూడదు. ఫీజు గురించి ఒక పేరా ఉండాలి, కొట్టేయొద్దు.

సావనీరుకి పన్నెండు వందల మాటలు చాలన్నారు. రేపు మొదలుపెడతాను, 1904తో.